ప్రోగ్ రాక్ ఆల్బమ్ పని డైరీ: రెండు వైపులు, ఆరు భాగాల సూట్, బోలెడన్ని అతుకులు

1వ వారం: ముందు నిమిషాల లెక్క

చేతిలో ఉన్న సరుకు: ఎ వైపుకి మూడు పాటలు, బి వైపుకి ఆరు భాగాల సూట్ (ఆగకుండా సాగే పొడవాటి రచన) ఒకటి. పాటల నిడివి 6:10, 8:25, 4:55, మొత్తం 19:30. సూట్ డెమో 24:15. డ్రమ్స్, బేస్, గిటార్ (ఆరు తీగలది, పన్నెండు తీగలది), కీబోర్డులు, గొంతులు. వినైల్, సీడీ, స్ట్రీమింగ్ మూడూ ఒకే మిక్స్ నుంచి రావాలి.

అరేంజ్‌మెంట్ ముట్టుకునే ముందే గాడి (రికార్డు మీద సూది నడిచే గీత) లెక్క వేశాం. 12 అంగుళాల ఎల్పీ (వినైల్ రికార్డు) మీద సంగీతం పట్టే చోటు సుమారు 146 మిల్లీమీటర్ల వ్యాసార్ధం నుంచి 60 దాకా, అంటే 86 మిల్లీమీటర్లు. నిమిషానికి 33⅓ చుట్ల చొప్పున 24:15కి 808 చుట్లు కావాలి. ఒక్కో చుట్టుకి దక్కేది 0.106 మిల్లీమీటర్లు. అదే 19:30 అయితే 650 చుట్లు, ఒక్కోదానికి 0.132. చోటు ఇరుకైతే గాడి అటూ ఇటూ ఊగలేదు. అప్పుడు కట్టింగ్ ఇంజనీర్ లెవెల్ తగ్గించక తప్పదు, తగ్గించిన కొద్దీ నిశ్శబ్దమైన చోట్ల సూది గరగర పైకి తేలుతుంది. సూట్‌లో నిశ్శబ్దం చాలా ఉంది కాబట్టి దెబ్బ దానికే ఎక్కువ.

2:35 కోసేశాం. 3వ భాగం సోలోలో 16 బార్లు (84 బీపీఎంలో, అంటే నిమిషానికి 84 బీట్లు, 5/4, అంటే బార్‌కి ఐదు బీట్లు, కాబట్టి 57 సెకన్లు), చివరి భాగంలో 28 బార్లు (126లో 7/8, అంటే బార్‌కి ఏడు అరబీట్లు, 47 సెకన్లు), మిగతా 51 సెకన్లు 4వ భాగం ఎత్తుగడలోంచి. ఇప్పుడు సూట్ 21:40. చుట్లు 722, గాడికి 0.119 మిల్లీమీటర్లు. హాయిగా ఉందని అనలేం గానీ పని జరుగుతుంది.

లెక్కతో తీరని చిక్కు ఇంకోటుంది. పళ్లెం అంచు దగ్గర గాడి సూది కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు నడుస్తుంది, లోపలి కొసన 21 మాత్రమే. పై ఫ్రీక్వెన్సీలన్నీ ఆ కాస్త పొడవులోనే ఇమడాలి, అందుకే అక్కడ సింబల్సూ 'స' కారాలూ చిరుగుతాయి. ప్రోగ్ సూట్ల జాతకమే అంత: అన్నిటికన్నా బిగ్గరైన ఘట్టం సరిగ్గా గాడి నత్తనడక నడిచే చోటే వచ్చి పడుతుంది. చివరి 40 సెకన్లలో క్రాష్ సింబల్ తీసేసి బేస్ పెడల్స్, మెలోట్రాన్ (టేపు ముక్కలతో పలికే కీబోర్డు) కోరస్ మాత్రమే ఉంచేలా అరేంజ్‌మెంట్ మార్చాం. ఇలాంటివి మాస్టరింగ్‌లో సర్దుకోవచ్చని వదిలేస్తే, అప్పుడు చేతిలో మిగిలేది ఈక్యూ (ఫ్రీక్వెన్సీల హెచ్చుతగ్గులు సర్దడం) ఒక్కటే.

2, 3 వారాలు: టెంపో మ్యాప్

సూట్ ఇలా తేలింది. 1వ భాగం 7/8, క్వార్టర్ నోట్ (ఒక బీట్) 126, విభజన 2+2+3. నోటితో అయితే 'తక తక తకిట'. 2వ భాగం 4/4, 84. 3వ భాగం 5/4, అదే 84. 4వ భాగం క్లిక్ (మెట్రోనోమ్ టిక్) లేని స్వేచ్ఛాలయ. 5వ భాగం 13/8, 112, విభజన 3+3+3+2+2. 6వ భాగంలో మళ్ళీ 7/8, 126.

1 నుంచి 2కి దూకే చోట 126 ఒక్కసారిగా 84 అయితే బండి బ్రేకు వేసినట్టుంటుంది. 126లో మూడింట రెండు వంతులు 84. అంటే పాత టెంపోలోని డాటెడ్ క్వార్టర్ కొత్త టెంపోలో క్వార్టర్ అవుతుంది. కాగితం మీద బాగానే ఉంది. వాయిస్తే కుదరలేదు. డాటెడ్ క్వార్టర్ అంటే మూడు ఎయిత్‌లు (అరబీట్లు), బార్‌లో ఉన్నవి ఏడు. ఒక బార్ ముందు మొదలుపెట్టినా, రెండు బార్ల ముందు మొదలుపెట్టినా దెబ్బ బార్ గీత మీద పడదు. మూడు బార్లు తీసుకుంటే 21 ఎయిత్‌లు, సరిగ్గా ఏడు డాటెడ్ క్వార్టర్లు. కాబట్టి 1వ భాగం చివరి మూడు బార్లలో హై-హ్యాట్ ఏడు దెబ్బలు కొడుతుంది, గిటార్ మాత్రం 'తక తక తకిట' వదలదు. ఎనిమిదో దెబ్బ 84లో ఒకటో బీట్. వినేవాడికి టెంపో మారినట్టే అనిపించదు, నేల కాస్త జరిగినట్టుంటుంది. మొత్తం మ్యాప్‌లో అందరికీ నచ్చిన అతుకు ఇదే.

రెండో పాటలో (8:25) గిటార్ 7/8, డ్రమ్స్ 4/4. రెండూ 56 ఎయిత్‌లకోసారి కలుస్తాయి: గిటార్‌కి 8 బార్లు, డ్రమ్స్‌కి 7. 140 బీపీఎంలో ఇది సరిగ్గా 12 సెకన్లు. ఆ 12 సెకన్ల గీతల మీద తప్ప ఇంకెక్కడా టేకులు మార్చకూడదని షీటు మీద ఎర్ర గీతలు కొట్టాం. మధ్యలో కోసి అతికిస్తే రిఫ్ (గిటార్ తిరిగి తిరిగి వాయించే పలుకు) సరిగ్గానే వినిపిస్తుంది, స్నేర్ మాత్రం రిఫ్‌లో వేరే స్వరం మీద పడుతుంది. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక పూట పోతుంది.

క్లిక్ గురించి రెండు జాగ్రత్తలు. కొన్ని సాఫ్ట్‌వేర్లు 7/8లో 126 అంటే క్వార్టర్ నోట్ 126 అనుకుంటాయి, కొన్ని ఎయిత్ నోట్ 126 అనుకుంటాయి. రెండోది సగం వేగం. ప్రాజెక్టు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మార్చినప్పుడల్లా ఒక బార్ నిడివి కొలిచి చూసుకోవాలి: 126లో 7/8 బార్ 1.667 సెకన్లు. రెండో జాగ్రత్త, ప్రతి ఎయిత్‌కీ టిక్ పెడితే నిమిషానికి 252 టిక్కులు చెవిలో పడతాయి, వాయింపు కుట్టుమిషన్‌లా తయారవుతుంది. గుంపు మొదళ్ళకి మాత్రమే గట్టి టిక్ (బార్‌కి మూడు), మిగతా ఎయిత్‌లకి సన్నగా షేకర్ శబ్దం పెట్టాం. ఈ క్లిక్‌ని ఆడియో ఫైల్‌గా మార్చి ట్రాక్‌లో పడేశాం, ఇక సాఫ్ట్‌వేర్ సొంత మెట్రోనోమ్‌తో పనిలేదు.

5వ వారం: డ్రమ్స్

48 కిలోహెర్ట్జ్, 24 బిట్. 96 కావాలా అన్న చర్చ పావుగంటలో ముగిసింది. 21 నిమిషాల సెషన్, వందకు పైగా ట్రాకులు, అన్నీ 96లో అంటే మిక్సింగ్ కంప్యూటర్ మొరాయిస్తుంది. 48లో ఒక్కో మోనో ట్రాక్ నిమిషానికి 8.64 ఎంబీ. 14 మైకులకి నిమిషానికి 121 ఎంబీ, తొమ్మిది నిమిషాల టేక్ ఒక్కటే 1 జీబీ దాటుతుంది. ప్రతి రోజూ పని ముగిశాక రెండు వేర్వేరు డ్రైవులకి కాపీ.

మైకులు: కిక్ లోపల ఒకటి, బయట ఒకటి, స్నేర్ పైనా కిందా, టామ్స్ నాలుగు, హై-హ్యాట్, రైడ్, ఓవర్‌హెడ్ రెండు, గదికి రెండు. ఓవర్‌హెడ్‌లు రెండూ స్నేర్ మధ్య నుంచి సమ దూరంలో ఉండాలి. ఒక తాడు స్నేర్ మీద పట్టుకుని రెండు వైపులా కొలిస్తే చాలు. శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు నడుస్తుంది. రెండు మైకుల మధ్య పది సెంటీమీటర్ల తేడా వచ్చినా స్నేర్ పక్కకి జరుగుతుంది, మోనోలో పలచబడుతుంది. స్నేర్ కింది మైక్‌కి పోలారిటీ తిప్పడం (శబ్ద తరంగాన్ని తలకిందులు చేయడం) ఎవరూ మర్చిపోరు. కిక్ బయటి మైక్ ఆలస్యాన్ని వినకుండా వదిలేసే వాళ్ళు మాత్రం చాలామంది. ఇక్కడ దూరం 30 సెంటీమీటర్లు, ఆలస్యం 0.9 మిల్లీసెకన్లు. మిక్స్ దాకా ఆగకుండా అప్పుడే రెండింటినీ కలిపి విని, మైక్ నాలుగు వేళ్ళు జరిపి సరిచేశాం.

కొత్త తోళ్ళు ముందురోజే వేసి సాగనిచ్చాం. రెండు గంటలకోసారి ట్యూనింగ్ చూడాలి. కర్ర ఎక్కువగా తగిలే వైపు బోల్టు వదులవుతుంది. మొదటి రోజు దీన్ని అశ్రద్ధ చేయడంతో 1వ భాగం మూడో టేకులో స్నేర్ శ్రుతి దిగింది. మూడో టేకూ ఐదో టేకూ అతికించడానికి పనికిరాకుండా పోయాయి. అప్పటినుంచి ప్రతి టేక్ ముందూ డ్రమ్ డ్రమ్‌కీ ఒక్కో దెబ్బ రికార్డు చేస్తున్నాం. ట్యూనింగ్ జారిందా లేదా అన్నది దాంతోనే తేలుతుంది, తర్వాత అవే శాంపిల్స్‌గానూ పనికొస్తాయి.

భాగాల మధ్య అతుకుల్ని బయటపెట్టేసేది సింబల్ మోత. 2వ భాగం చివర క్రాష్ కొట్టారు, 3వ భాగం వేరే రోజు రికార్డయింది. మొదటి బీట్ దగ్గర అతికిస్తే పాత క్రాష్ మోత గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. దీనికి రెండు మందులు. ఒకటి, కొత్త భాగం టేక్ మొదలుపెట్టేటప్పుడు పాత భాగం చివరి రెండు బార్లూ నిజంగా వాయించి, మోగుతున్న సింబల్స్‌తోనే కొత్త భాగంలోకి రావడం. రెండు, సెషన్ చివర ప్రతి సింబల్‌నీ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా కొట్టి, మోత పూర్తిగా చచ్చేదాకా 20 సెకన్లు కదలకుండా రికార్డు చేసి పెట్టుకోవడం. రెండూ చేశాం. మిక్స్‌లో రెండోది ఐదుసార్లు ఆదుకుంది.

సూట్ మొత్తం ఒకే టేక్‌లో వాయించాలన్న పట్టుదలలో అర్థం లేదు. 1970ల్లోనూ రెండంగుళాల టేపు 2,500 అడుగుల రీలు సెకనుకు 30 అంగుళాల వేగంతో 16 నిమిషాల 40 సెకన్లకే అయిపోయేది. ఎల్పీ వైపంతా పరుచుకునే సూట్‌ని ఆ వేగంతో ఒక్క రీలుకి ఎక్కించాలన్నా కుదిరేది కాదు. ముక్కలుగా వాయించి అతకడం ఈ సంగీతానికి కొత్తేమీ కాదు.

6వ వారం: బేస్, గిటార్లు

బేస్‌కి రెండు దారులు: డీఐ బాక్స్ (ఆంప్ లేకుండా బేస్‌ని నేరుగా రికార్డు చేసే పెట్టె) ఒకటి, ఆంప్ ముందు మైక్ ఒకటి. 250 హెర్ట్జ్ కింద డీఐ శుభ్రంగా, పైన ఆంప్ డిస్టార్షన్‌తో. మైక్ 25 సెంటీమీటర్ల దూరంలో ఉంది కాబట్టి 0.7 మిల్లీసెకన్లు వెనక. దాన్ని ముందుకు జరపకపోతే రెండూ కలిసే చోట శబ్దం పలచబడుతుంది, రెండు ట్రాకులున్నా ఒకటే వినిపించినట్టుంటుంది. రౌండ్‌వౌండ్ తీగలు పొద్దుటికీ సాయంత్రానికీ మెరుపు కోల్పోతాయి. పిక్‌తో వాయించే భాగాలన్నీ పొద్దున పెట్టుకున్నాం.

పన్నెండు తీగల గిటార్‌లో కింది నాలుగు జతలకి ఆక్టేవ్ తేడా, పై రెండు జతలు ఒకే స్వరం. తెగేది దాదాపు ఎప్పుడూ 'జి' జతలోని సన్న తీగే. అరడజను విడిగా ఉంచుకోవాలి. ఇంక చెప్పుకోదగ్గ విషయం లేదు.

8వ వారం: కీబోర్డులు, ఒక పొరపాటు

టోన్‌వీల్ ఆర్గన్ శ్రుతిని మనం మార్చలేం. చక్రాలు తిప్పే సింక్రనస్ మోటార్ కరెంటు ఫ్రీక్వెన్సీని పట్టుకుని నడుస్తుంది. 50 హెర్ట్జ్ రావాల్సింది 49.8 వస్తే మొత్తం ఆర్గన్ 7 సెంట్లు (సెంటు అంటే సెమీటోన్‌లో నూరో వంతు) దిగిపోతుంది. 60 హెర్ట్జ్‌కి చేసిన ఆర్గన్‌ని మార్పిడి లేకుండా 50కి తగిలిస్తే మూడు సెమీటోన్లకి పైగా దిగుతుంది. కాబట్టి ఆర్గన్ మొదట రికార్డు చేసి, మిగతా అందరూ దానికి శ్రుతి చేసుకోవాలి. ఇక్కడ క్రమం తప్పింది. బేస్, గిటార్లు ట్యూనర్ పెట్టుకుని 440 హెర్ట్జ్ మామూలు శ్రుతికి ఎప్పుడో అయిపోయాయి. ఆర్గన్ వచ్చేసరికి 7 సెంట్ల తేడా. వేగంగా వెళ్ళే చోట ఎవరికీ తెలియదు. 4వ భాగంలో పన్నెండు తీగల గిటార్ పక్కన నిలిపిన ఆర్గన్ కార్డ్ మాత్రం పుల్లగా వినిపించింది. ఆ భాగం వరకు ఆర్గన్‌ని 7 సెంట్లు పైకి ఎత్తాం. సాఫ్ట్‌వేర్‌లో నిడివి మారకుండా పిచ్ మార్చే పద్ధతి వాడితే లెస్లీ (ఆర్గన్‌కి వాడే తిరిగే స్పీకర్) ఊపులో వణుకు వచ్చింది. టేప్ వేగం పెంచినట్టు పిచ్, నిడివి రెండూ కలిసి మారే పద్ధతి వాడితే వణుకు లేదు. 0.4 శాతం నిడివి తేడా, క్లిక్ లేని భాగం కాబట్టి ఎవరికీ అడ్డం రాలేదు.

లెస్లీ స్పీకర్‌లో 800 హెర్ట్జ్ పైన హార్న్, కింద డ్రమ్ రోటార్. హార్న్‌కి రెండు మైకులు, కింద ఒకటి, అన్నీ 30 సెంటీమీటర్ల దూరంలో. ఇంకా దగ్గరికి పెడితే తిరిగే హార్న్ గాలి మైక్‌లో పుట్‌పుట్ మంటుంది, ఫోమ్ తొడిగినా పూర్తిగా పోదు. వేగం మార్చే స్విచ్ వేశాక హార్న్ చప్పున అందుకుంటుంది, బరువైన కింది రోటార్‌కి ఇంకొన్ని సెకన్లు పడుతుంది. అందుకే భాగం మారే ఒకటో బీట్‌కి పూర్తి వేగం కావాలంటే స్విచ్ రెండు బార్ల ముందే వేయాలి. ఎడిటింగ్‌కి ఇదొక నియమం కూడా: హార్న్ వేగం పుంజుకుంటున్న చోట అతుకు వేయకూడదు. నెమ్మదిగా తిరిగే చోట నెమ్మదిది, పూర్తి వేగం దగ్గర పూర్తి వేగానిది, అంతే.

మెలోట్రాన్ ఎం400కి 35 కీలు, కీ కింద ఒక్కో టేపు ముక్క, సుమారు 8 సెకన్లకి అయిపోతుంది. 84 బీపీఎంలో నాలుగు బార్ల కార్డ్ అంటే 11.4 సెకన్లు. మూడో బార్ చివర్లో నిశ్శబ్దం. కార్డ్ మొత్తం ఒకేసారి మళ్ళీ నొక్కితే ఊపిరి తీసుకున్నట్టు గుంట పడుతుంది. పై స్వరాన్ని రెండో బార్ మధ్యలో, లోపలి స్వరాన్ని బార్ చివర, కింది స్వరాన్ని మూడో బార్ మొదట్లో ఎత్తి మళ్ళీ నొక్కేలా రాసుకోవాలి. కీ వదిలాక స్ప్రింగు టేపుని వెనక్కి లాగాలి. అది పూర్తయ్యేలోపే నొక్కితే శబ్దం మధ్యలోంచి మొదలవుతుంది. శాంపిల్ లైబ్రరీ వాడేవాళ్ళు లూప్ ఆపేయడం మంచిది. ఆ 8 సెకన్ల హద్దే ఈ వాయిద్యం చేత ఇలాంటి కదలిక పుట్టించింది. లూప్ వేస్తే మామూలు స్ట్రింగ్ ప్యాడ్ అయిపోతుంది.

మినీమూగ్ తరహా అనలాగ్ సింథ్‌ని అరగంట ముందే ఆన్ చేసి పెట్టాలి, వేడెక్కేదాకా ఆసిలేటర్లు జారుతూనే ఉంటాయి. అసలు మినీమూగ్‌లో రెండు కీలు కలిపి నొక్కితే కింది స్వరమే పలుకుతుంది. ఇప్పటి కీబోర్డుల్లో ఎక్కువగా చివర నొక్కింది పలుకుతుంది. దానికి అలవాటుపడ్డ వేళ్ళు పైకి పరిగెత్తే పలుకుల్లో కింది కీ కాస్త ఆలస్యంగా వదిలితే స్వరాలు మింగేస్తుంది. 5వ భాగం సోలోలో నలభై నిమిషాలు దీనికే పోయాయి. ముందు పరికరాన్ని అనుమానించి, చివరికి వేళ్ళ దగ్గర తేల్చుకున్నాం.

10వ వారం: గొంతులు

మూడు స్వరాల హార్మొనీ, ఒక్కోటి రెండుసార్లు, మొత్తం ఆరు ట్రాకులు. మాట చివరి 'స', 'ట' ప్రధాన గాత్రం మాత్రమే పలకాలి, మిగతావాళ్ళు మింగేయాలి. ఆరు ట్రాకులూ 'స' అంటే అది పాము బుస, వినైల్ లోపలి గాడిలో అయితే ఉప్పుకాగితం.

11 నుంచి 14 వారాలు: అతకడం, మిక్స్

సూట్ మొత్తం ఒకే సెషన్‌లో మిక్స్ చేయాలా, భాగాలుగా చేయాలా? భాగాలుగా చేస్తే కంప్యూటర్‌కి హాయి, ఆల్బమ్‌కి చేటు. ప్రతి భాగాన్నీ విడిగా వింటున్నప్పుడు ప్రతి భాగమూ గట్టిగా ఉండాలనిపిస్తుంది, ఆరూ ఒకే ఎత్తుకి వచ్చేస్తాయి. ఒకే సెషన్‌లో పెట్టి, తేలిన ట్రాకులు ఫ్రీజ్ చేస్తూ (ఎఫెక్టులతో సహా ఆడియోగా మార్చేస్తూ) వెళ్ళాం. మానిటర్ నాబ్ మీద టేపు ముక్క అంటించి, నాలుగు వారాలూ జరపలేదు. నాబ్ కదిలితే 4వ భాగం ఎంత మెల్లగా ఉండాలన్న నిర్ణయానికి ఆధారం ఉండదు. చివరికి 4వ భాగం, 6వ భాగం మధ్య సుమారు 11 డీబీ తేడా నిలిచింది.

డ్రమ్స్ అతుకులు దెబ్బకి 5 నుంచి 10 మిల్లీసెకన్ల ముందు, పొట్టి క్రాస్‌ఫేడ్‌తో (ఒకటి తగ్గుతుండగా ఇంకోటి పెరిగేలా). దెబ్బ మీదే వేస్తే దాని ముక్కు కోసుకుపోతుంది. ఆర్గన్, మెలోట్రాన్‌లకి పొడవాటి క్రాస్‌ఫేడ్ కావాలి, ఈక్వల్ పవర్ ఆకారంలో. రివర్బ్ తోకలు కొత్త భాగంలోకి కారాలి. అందుకే రివర్బ్ బస్సులు (ట్రాకులన్నీ కలిసి వెళ్ళే ఛానెళ్ళు) ఏ భాగం దగ్గరా ఆగకుండా మొత్తం సెషన్‌కీ ఒకటే.

డిలే (ప్రతిధ్వని) సమయాలు 7/8లో మాయ చేస్తాయి. 126లో క్వార్టర్ డిలే 476 మిల్లీసెకన్లు. మొదటి ఎయిత్ మీద వాయించిన స్వరం 3, 5, 7 మీద పలికి, తర్వాతి బార్‌లో 2 మీద పడుతుంది. ఒక బార్ వరకు అందం, రెండో బార్ నుంచి గజిబిజి. ఫీడ్‌బ్యాక్ తగ్గించి మూడు పలుకులకే ఆపేయాలి, లేదా పూర్తి బార్ డిలే (1,667 మిల్లీసెకన్లు) పెట్టాలి. గిటార్‌కి మొదటిది, సింథ్‌కి రెండోది.

ఆర్గన్, మెలోట్రాన్, డిస్టార్షన్ గిటార్ మూడూ 300 నుంచి 800 హెర్ట్జ్ మధ్య ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటాయి. ఈక్యూతో తగువు తీర్చడం కన్నా ఒకరిని ఆ ఎనిమిది బార్లు ఊరుకోబెట్టడం మేలు. 6వ భాగంలో ఆర్గన్ డ్రాబార్‌లలో (స్వరంలోని పొరల్ని పెంచి తగ్గించే మీటల్లో) మధ్యవి రికార్డింగ్‌లోనే లోపలికి నెట్టి ఉంటే ఇక్కడ రెండు రోజులు మిగిలేవి.

16వ వారం: మూడు మాస్టర్లు

సీడీకి 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, డీడీపీ (సీడీ ఫ్యాక్టరీకి పంపే ఫైళ్ళ కట్ట) రూపంలో. సీడీలో సెకనుకి 75 ఫ్రేములు, ఫ్రేముకి 588 శాంపిల్స్. ట్రాక్ గుర్తులు ఫ్రేమ్ హద్దు మీదే పడాలి. ఆగకుండా సాగే సూట్‌ని ఎక్కడపడితే అక్కడ ఆరు ఫైళ్ళుగా కోస్తే, మిగిలిన శాంపిల్స్‌ని సాఫ్ట్‌వేర్ సున్నాలతో నింపుతుంది. అతుకు దగ్గర టిక్, లేదా గరిష్ఠంగా 13 మిల్లీసెకన్ల గుంట. సూట్ 1,300 సెకన్లు, సరిగ్గా 97,500 ఫ్రేములు. ఆరు ముక్కల ఫ్రేముల కూడిక అంతే రావాలి.

48 నుంచి 44.1కి మార్పిడి ముందు మొత్తం వైపుకి చేసి, ఆ తర్వాత ముక్కలు కోయాలి. ముక్కలు కోసి ఒక్కోదాన్ని మారిస్తే మార్పిడి ఫిల్టర్‌కి ప్రతి ముక్క మొదలూ చివరా ఖాళీలోంచి లేచినట్టు కనిపిస్తుంది, అతుకు మీద సన్నని టిక్ వస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో తప్ప దొరకదు.

స్ట్రీమింగ్‌కి 48, 24 బిట్ ఫైళ్ళు. ట్రూ పీక్ (శబ్దం తాకే అసలు శిఖరం) -1 డీబీ, మొత్తం ఆల్బమ్ -13 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనపు కొలత) చుట్టూ. ఆల్బమ్‌గా వింటే స్ట్రీమింగ్ సేవలు మొత్తానికి ఒకే గెయిన్ (వాల్యూమ్ సర్దుబాటు) వేయగలవు. షఫుల్‌లోనో ప్లేలిస్టులోనో పడితే ట్రాక్ ట్రాక్‌కీ వేరే గెయిన్ పడి, మెల్లని 4వ భాగం పైకి లేవొచ్చు. దానికి మందు లేదు, దాని కోసం 4వ భాగాన్ని మాస్టర్‌లో పెంచడం మాత్రం పిచ్చిపని. ఎంపీ3 ఎవరికీ ఇవ్వలేదు. ఆ కోడెక్ 1,152 శాంపిల్స్ గుంపులుగా నడుస్తుంది, మొదటా చివరా ఖాళీ చేరుస్తుంది, అతుకులు విడిపోతాయి.

వినైల్‌కి వైపుకొక ఫైలు, 24 బిట్, లిమిటర్ (శబ్ద శిఖరాల్ని అణిచేది) దాదాపు లేకుండా. 150 హెర్ట్జ్ కింద మోనో. బేస్ పెడల్స్ స్టీరియోలో విప్పి ఉంటే గాడి లోతు పైకీ కిందికీ ఊగి సూది ఎగురుతుంది. గొంతుల మీద 6 నుంచి 9 కిలోహెర్ట్జ్ దగ్గర డీ-ఎస్సర్ ('స' కారాల పదును తగ్గించేది), 6వ భాగంలో ఇంకాస్త. కట్టింగ్ ఇంజనీర్‌కి వెళ్ళిన కాగితంలో ప్రతి భాగం మొదలయ్యే సమయం, 'బి వైపు భాగాల మధ్య ఖాళీ గాడి వద్దు' అన్న ముక్క స్పష్టంగా ఉన్నాయి. ఆ ముక్క రాయకపోతే ట్రాకుల మధ్య ఖాళీ పెట్టడం వాళ్ళ అలవాటు.

17వ వారం: కవర్

డిజిటల్ కవర్ 3,000 పిక్సెళ్ళ చదరం. దాన్నే ఎల్పీ కవర్‌కి వాడబోయారు. 315 మిల్లీమీటర్లకి 300 డీపీఐ అంటే 3,720 పిక్సెళ్ళు కావాలి, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపు కోసం వదిలే అంచు) అదనం. అసలు బొమ్మ పెద్ద సైజులో ఉండబట్టి సరిపోయింది. గేట్‌ఫోల్డ్ లోపల సాహిత్యం మడత మీదికి రాకుండా చూడాలి.

22వ వారం: టెస్ట్ ప్రెసింగ్

అసలు ముద్రణకి ముందు పరీక్ష కోసం ఐదు కాపీలు వచ్చాయి. వినే పద్ధతి: మూడు వేర్వేరు టర్న్‌టేబుళ్ళు, ప్రతి చప్పుడుకీ సమయం రాసుకోవడం. ఒక కాపీలోనే ఉంటే దుమ్ము. అన్నిట్లో ఒకే చోట ఉంటే లక్కర్ (మొదట గాడి కోసే పళ్లెం) దగ్గరో స్టాంపర్ (రికార్డులు అచ్చొత్తే అచ్చు) దగ్గరో లోపం. 1.8 సెకన్లకోసారి తిరిగి తిరిగి వస్తే అది ఒక చుట్టు సమయం, గాడులకి అడ్డంగా గీత పడిందని అర్థం.

ఎ వైపు శుభ్రం. బి వైపు 4వ భాగంలో మెలోట్రాన్ కార్డ్ ఊగుతోంది. మొదట వాయిద్యం నైజం అనుకుని వదిలేయబోయాం. టేపు వాయిద్యం కదా, ఊగుతుంది. కానీ ఊపు సరిగ్గా 1.8 సెకన్లకోసారి. పన్నెండు తీగల గిటార్‌లోనూ అదే. రంధ్రం మధ్యలో లేదు. ఐదింటిలో నాలుగు కాపీలు అంతే. వెనక్కి పంపాం, రెండో విడత టెస్ట్ సరిగ్గా వచ్చింది, ఐదు వారాలు పోయాయి. విడుదల తేదీ అప్పటిదాకా ఎవరికీ చెప్పకపోవడం ఒక్కటే కలిసొచ్చింది. టెస్ట్ ప్రెసింగ్ ఒప్పుకోకముందే తేదీ ప్రకటించే బ్యాండ్ల ధైర్యం చూస్తే ముచ్చటేస్తుంది.

28వ వారం: ఒక ట్రాకా, ఆరు ట్రాకులా

2015 నుంచి ప్రపంచమంతటా కొత్త సంగీతం విడుదల రోజు శుక్రవారం. ఫైళ్ళు ఆరు వారాల ముందే డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళాయి.

తెగని వాదన సూట్ గురించి. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితే ఒక స్ట్రీమ్. 21:40 ఒకే ట్రాక్‌గా పెడితే చివరిదాకా విన్నవాడూ ఒకటే, 31వ సెకనులో పోయినవాడూ ఒకటే. ఆరుగా కోస్తే మొత్తం విన్నవాడు ఆరు. ఇక్కడిదాకా ఆరే మేలు. కానీ 2024 నుంచి ఒక ట్రాక్‌కి గత 12 నెలల్లో 1,000 స్ట్రీములు రాకపోతే అక్కడ రాయల్టీ లెక్కలోకే రాదు. చిన్న బ్యాండ్‌కి ఒకే ట్రాక్ ఆ గీత దాటొచ్చు, ఆరులో నాలుగు దాటకపోవచ్చు. పైగా 4వ భాగం ఒక్కటే ఏదో ప్లేలిస్టులో తేలితే, మొదలూ తుదీ లేని మూడు నిమిషాల ఆర్గన్ మూలుగు అది.

స్ట్రీమింగ్‌కి ఆరు, డౌన్‌లోడ్‌కి ఆరింటితో పాటు బోనస్‌గా ఒకే ఫైల్, ఇదీ ఒప్పందం. ఐఎస్‌ఆర్‌సీలు (ఒక్కో రికార్డింగ్‌కీ ఇచ్చే గుర్తింపు కోడ్‌లు) 12 అక్షరాలవి: మూడు పాటలకి మూడు, భాగాలకి ఆరు, ఒకే ఫైల్‌కి ఇంకోటి, రెండో పాట కుదించిన సింగిల్‌కి మరోటి, మొత్తం 11. కుదించిన దానికి పాత కోడ్ వాడితే రెండు రికార్డింగుల లెక్కలు కలిసిపోతాయి. ఆ సింగిల్ కోత 12 సెకన్ల గీతల మీదే వేశాం, 8:25 కాస్తా 4:37 అయింది, 19 ముక్కలు తీసేసి. బార్‌కోడ్‌లు ఎల్పీకి వేరు, సీడీకి వేరు, డిజిటల్‌కి వేరు.

విడుదల వారం

శుక్రవారం పొద్దున మొదటి పని అతుకులు వినడం. 1–2 సరే. 2–3 సరే. 3–4 దగ్గర కనీకనిపించని గుంట. యాప్‌లో క్రాస్‌ఫేడ్ ఆన్ అయి ఉందేమో చూశాం, లేదు. పంపిన ఫైళ్ళు తెరిచి శాంపిల్స్ కూడితే 48 కిలోహెర్ట్జ్‌లో రావాల్సిన 6,24,00,000 సరిగ్గానే ఉన్నాయి. కాబట్టి ఏదీ పోలేదు. దగ్గరికి లాగి చూస్తే 3వ భాగం చివరా 4వ భాగం మొదటా 5 మిల్లీసెకన్ల ఫేడ్. ఆ రెండు ఫైళ్ళూ ఆఖర్న ఒక టైటిల్ తప్పు దిద్దడానికి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ అయ్యాయి, ఆ కంప్యూటర్‌లో 'అంచులకి ఫేడ్' టిక్ ఆన్‌లో ఉంది. శాంపిల్ కూడికతో ఇది దొరకదు. ఆరు ఫైళ్ళని వరసగా పేర్చి, అసలు సూట్ ఫైల్‌ని పోలారిటీ తిప్పి కలిపితే పూర్తి నిశ్శబ్దం రావాలి. ఆ పరీక్ష ఫైళ్ళు పంపే ముందే చేయాల్సింది.

సరిచేసిన రెండు ఫైళ్ళు అదే ఐఎస్‌ఆర్‌సీతో మళ్ళీ పంపాం. సీడీ డీడీపీ వేరే దారిలో తయారైంది కాబట్టి అందులో ఈ ఫేడ్ లేదు, తిప్పి కలిపి చూశాం, నిశ్శబ్దమే.